మాటవరసకి ఇచ్చిన చోటు

నా తోడికోడలు నూషిన్ నా చోటు లాగేసుకుంది. ఇంట్లో వాళ్ళంతా నేనే ఇచ్చానంటారు. మా ఆయన బహ్మన్ అయితే బేకరీ దగ్గరా, మంగలి దగ్గరా, కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకొచ్చాడు, "మా ఫరంగీస్‌ది పెద్ద మనసు, తోడికోడలి కోసం తన చోటు వదులుకుంది" అని. పెద్ద మనసూ లేదు, పాడూ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

మేమిద్దరం ఒకే డాక్టరు దగ్గర దిగులుకు మాత్రలు వాడుతున్నాం. ఆయన మనిషికి ఐదు నిమిషాలకు మించి ఇవ్వడు. "ఎలా ఉన్నారు ఫరంగీస్ ఖానుమ్?" అంటాడు. "మీ దయ వల్ల బాగున్నాను డాక్టరుగారూ, మీరెలా ఉన్నారు, పిల్లలు బాగున్నారా?" అంటాను. "అవే మాత్రలు వాడండి" అని రాసిస్తాడు. మూడేళ్ళుగా ఇదే తంతు.

నా దిగులుకు కారణమంటూ ఏమీ లేదు. అదే పెద్ద తలనొప్పి. మొగుడు కొట్టడు, తిట్టడు. కూతురు తబ్రీజ్‌లో చదువుకుంటోంది. ఇల్లు సొంతం, కింద మేము, పైన మరిది సియామక్, నూషిన్. పొద్దున్నే మంచం దిగలేకపోవడానికి చెప్పుకునేందుకు ఒక్క వంకా లేదు. నూషిన్‌కు ఉంది. పోయిన ఏడాది వాళ్ళమ్మ చనిపోయింది. వీధి వీధంతా చావింటికి తెచ్చే హల్వా పళ్ళేలు పట్టుకొచ్చి దాని తల నిమిరారు. నాకెవరు తెస్తారు హల్వా? మా అమ్మ రష్త్‌లో మా అన్న దగ్గర లక్షణంగా ఉంది, రోజూ ఫోన్ చేసి నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. నిజం చెప్పొద్దూ, ఏడవడానికి దానికో కారణం ఉందని కూడా నాకు కుళ్ళే.

వేసవి పోయాక, మెహర్ నెల మొదట్లో ఆ డాక్టరే చెప్పాడు, ఆసుపత్రి వెనక భవనంలో ఆడవాళ్ళ మీద ఏదో పరిశోధన చేస్తున్నారు, ఇద్దరూ వెళ్ళి చూడండి అని. వెళ్ళాం. అక్కడ తర్లాన్ అని పాతికేళ్ళ పిల్ల, పెద్ద కళ్ళద్దాలు, మాట మెత్తన. దిగులుతో బాధపడే ఆడవాళ్ళకు విటమిన్ డి ఇస్తే మెదడు పనితీరులో మార్పు వస్తుందా అని చూస్తున్నారట. ముందు తలకు టోపీ తొడిగి, దాని తీగల్లోంచి మెదడు ఎలా పనిచేస్తోందో తీసి రంగుల బొమ్మగా అచ్చు వేస్తారు. ఆ తర్వాత ఎనిమిది వారాలు, శుక్రవారం శుక్రవారం ఒక గుళిక. మళ్ళీ టోపీ, మళ్ళీ బొమ్మ. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్త నూనె నింపిన గుళిక. ఎవరికి ఏది పోతుందో ఇచ్చేవాళ్ళకు కూడా తెలియదు, సీసాల మీద అంకెలే ఉంటాయి.

"ఎండలో కూర్చోరా మీరు?" అని అడిగింది ఆ పిల్ల, నా రక్తపరీక్ష కాగితం చూస్తూ. విటమిన్ అడుగంటిపోయింది.

"ఎక్కడ కూర్చోమంటావమ్మా? మా పెరట్లోకి ఎదుటి భవనం కిటికీలు పన్నెండు తొంగి చూస్తాయి. జుట్టు విప్పుకుని కూర్చుంటే పన్నెండు కుటుంబాలకు టీవీ అక్కర్లేదు," అన్నాను.

నవ్వింది. తర్వాత ప్రశ్నల కాగితం ఇచ్చింది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, బతుకు మీద విసుగు పుడుతోందా, అలాంటివి ఇరవై ఒకటి. అన్నిటికీ ఉన్నదున్నట్టు గీతలు పెట్టాను. కాగితానికి మర్యాద చేయక్కర్లేదు కదా. నాకు చాలా ఎక్కువ మార్కులొచ్చాయి. ఇలాంటి పరీక్షలో మార్కులెక్కువ వస్తే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు కానీ, నూషిన్‌కంటే రెండు ఎక్కువే వచ్చాయని మాత్రం చూసుకున్నాను.

అప్పుడు తర్లాన్ బయటికొచ్చి చెప్పింది. "క్షమించాలి, ఒక్క చోటే మిగిలింది. వరుసలో ముందు ఎవరొచ్చారు?"

ముందు నేనొచ్చాను. నూషిన్ నా వెనకాల, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

మాకు తెలిసిన మర్యాద ఒకటుంది. తలుపు దగ్గర ఇద్దరు కలిస్తే ముందు మీరంటే మీరని అరగంట నిలబడతాం. టాక్సీవాడు కూడా "మీ దగ్గర తీసుకుంటానా, వద్దులెండి" అంటాడు, మనం బలవంతాన చేతిలో పెడతాం. వాడు నిజంగా వద్దన్నాడనుకుని దిగి నడిచిపోయిన మనిషి మా ఖజ్వీన్‌లో ఇంకా పుట్టలేదు. అందుకే నేను అన్నాను, చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ అన్నాను, "నాదేముందమ్మా, పెద్దదాన్ని. నూషిన్ తీసుకోనీ."

ఇప్పుడు నూషిన్ ఏమనాలి? "అయ్యో అక్కా, ఒట్టు, అలా కుదరదు, మీరే ముందు." నేను "కాదు, నువ్వే." అది "నా మీద ఒట్టు, మీరే." నేను "సర్లే, నువ్వంతగా చెబుతున్నావు కాబట్టి" అని నిట్టూర్చి లోపలికి నడవాలి. పసిపిల్లలకు కూడా వచ్చు ఈ వరుస.

నూషిన్ లేచి నిలబడింది. "దేవుడు మీకు మేలు చెయ్యాలి అక్కా," అంది. తర్లాన్ చేతిలోంచి కలం తీసుకుని సంతకం పెట్టేసింది.

ఒక్కసారి. ఒక్కసారి కూడా వద్దనలేదు! నా మొహం మీద నవ్వు అలాగే అతుక్కుపోయింది, తీయడం చేతకాలేదు. తర్లాన్ నా వంక చూసి కళ్ళద్దాల వెనక కళ్ళు తుడుచుకుంది. "మీలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా!" అంది. ఉన్నారమ్మా, ఉన్నారు, లోపల ఉడికిపోతూ.

ఆ రాత్రి బహ్మన్‌తో చెప్పాను, ఆయనేదో న్యాయం చెబుతాడని.

"నువ్వే ఇచ్చావు కదే, మరి ఏడుపెందుకు?" అన్నాడు.

"నేను ఇవ్వలేదు. అన్నాను, అంతే."

"అంటే ఇచ్చినట్టే కదా."

"మరి నువ్వు నిన్న పక్కింటి వాడితో 'మా ఇల్లు మీ ఇల్లే' అన్నావు. రేపు సామాను తెచ్చుకోమని చెప్పనా?"

అటు తిరిగి పడుకున్నాడు. ఆయనకు జవాబు లేనప్పుడు నిద్ర బాగా పడుతుంది.

నాలుగు రోజులకు నూషిన్ మెదడు బొమ్మ వచ్చింది. పైనుంచి చూసిన తలకాయలు, పైన ముక్కు, పక్కన చెవులు, లోపలంతా రంగులు. ముందు భాగంలో ఎడమవైపు ముదురు నీలం. అక్కడ మెదడు మందకొడిగా ఉందట. ఇంకొకరైతే మడిచి సొరుగులో పెట్టుకుంటారు. ఇది పైన ఫ్రిజ్‌కు, పీచ్ పండు బొమ్మ అయస్కాంతంతో అతికించింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు నిలబడి "అయ్యో, అయ్యో, ఎంత నీలం!" అనడం. దానికి రుజువు దొరికింది. నా తలలో దానికంటే రెండు మార్కులెక్కువ నీలం ఉంటుంది, ఎవరు చూశారు?

శుక్రవారం భోజనాలు మా ఇంట్లోనే, ఎప్పటినుంచో. నేను పొద్దుటినుంచి నిలబడి ఖీమే నెసార్ వండేదాన్ని, బాదం, పిస్తా సన్నగా తరిగి, ఎర్రటి పుల్లని జెరేష్క్ పళ్ళు వేయించి అన్నం మీద చల్లి. తిన్నాక ఎవరైనా వంట గురించి ఒక్క మాటంటారేమోనని చూస్తే, సియామక్ లేచి "టైమయింది!" అనేవాడు. అందరూ దాని వైపు తిరిగేవాళ్ళు. నూషిన్ సంచిలోంచి సీసా తీసేది. పసుపుపచ్చ గుళిక, మెరుస్తూ. సియామక్ గ్లాసుతో నీళ్ళు అందించేవాడు. అది కళ్ళు మూసుకుని మింగేది. బహ్మన్ "నీకు నయమైపోవాలమ్మా" అనేవాడు. నేను రోజూ రాత్రి మాత్ర మింగుతాను, వంటింట్లో కుళాయి దగ్గర, దోసిలితో నీళ్ళు తాగి. ఎవరికీ టైమవదు.

దానికి తోడు సోమవారాలు. పదింటికి తర్లాన్ ఫోన్. ఆ వేళకు మేమిద్దరం మా వంటింట్లో ఆకుకూరలు బాగుచేస్తూ కూర్చునేవాళ్ళం. నూషిన్ చేతులు తడిగా ఉండేవి కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచేది.

"ఈ వారం నిద్ర ఎలా ఉంది నూషిన్ ఖానుమ్? మధ్యలో మెలకువ వస్తోందా? ఏడుపొచ్చిందా? ఎప్పుడు? ఏం చేస్తుండగా?"

అది మెంతికూర ఏరుతూ మెల్లగా చెప్పేది. అమ్మ చెప్పులు కనబడ్డాయనీ, ఏడ్చాననీ, మంగళవారం కాస్త నవ్వాననీ. ఆ పిల్ల "ఊఁ, ఊఁ, తర్వాత?" అనేది. తర్వాత! ఆ మాట నాతో ఎవరైనా చివరిసారి ఎప్పుడన్నారో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, దొరకలేదు. నేను కాడలు తుంపుతూ కూర్చునేదాన్ని. ఆకు ఏదో, కాడ ఏదో కూడా చూడకుండా తుంపేదాన్ని.

రెండో వారంలో మందుల దుకాణానికి వెళ్ళాను. విటమిన్ డి గుళికలు ఉన్నాయా అన్నాను. "ఎందుకు లేవు," అని సొరుగులోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. అవే! అదే పసుపు, అదే మెరుపు. వారానికి ఒకటి మించొద్దని పెట్టె మీద రాసి మరీ ఇచ్చాడు. దానికి ఇచ్చినదాంట్లో నూనె ఉందో మందుందో దైవానికెరుక, నా దాంట్లో ఖాయంగా మందే. ఇంటికి తెచ్చి పప్పు సీసాలో దాచాను. శుక్రవారం సియామక్ "టైమయింది" అనగానే నేను టీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, పప్పులో చెయ్యి పెట్టి, నేనూ ఒకటి మింగేదాన్ని. దాంతో పాటే, అదే నిమిషంలో. ఎవరు గెలుస్తారో చూద్దామనుకున్నాను.

అది గెలిచింది.

నాలుగో వారానికి నూషిన్ పొద్దున్నే లేచి, గులకరాళ్ళ మీద కాల్చే సంగక్ రొట్టెకు తనే వరుసలో నిలబడడం మొదలుపెట్టింది. ఐదో వారానికి దానిమ్మ రంగు తలగుడ్డ కొనుక్కుంది. ఆరో వారానికి మెట్లు దిగుతూ కూనిరాగాలు. దాని నడక వినబడగానే నాకు ఒళ్ళు మండేది. నాకేమైందయ్యా అంటే, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ నొప్పి తగ్గింది. అంతే. మోకాళ్ళు బాగుపడ్డాయి, మనిషి బాగుపడలేదు. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చి, కప్పు వంక చూస్తూ, ఇంకో రోజు మొదలవుతోందే అని భయపడడం అలాగే ఉంది.

"చూడు నూషిన్‌ని, ఎలా వెలిగిపోతోందో!" అన్నాడు బహ్మన్ ఒక రోజు. "నువ్వూ ఆ టోపీ పెట్టించుకోవాల్సింది."

చేతిలో ఉన్న పళ్ళెం నేలకేసి కొట్టాను. జారిందని చెప్పాను.

ఎనిమిది వారాలయ్యాయి. రెండో టోపీ రోజు సియామక్ పని మీద టెహ్రాన్ వెళ్ళాడు. "నాతో వస్తారా అక్కా?" అని అడిగింది. రానని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "నీకోసం రాకపోతే ఎవరికోసం వస్తానమ్మా," అన్నాను. చూశారా నా నోరు!

చీకటి గదిలో దాని జుట్టు పాయలు తీసి, చల్లటి జిగురు రాసి టోపీ తొడిగారు. కళ్ళు మూసుకోమన్నారు, రెప్ప ఆడించొద్దన్నారు. పక్కన తెర మీద ఇరవై గీతలు వణుకుతూ పరిగెత్తాయి. నేను వాటి వంక నోరు తెరుచుకుని చూశాను. అది మాట్లాడటం లేదు, కదలటం లేదు, అయినా లోపల ఏం జరుగుతోందో అంతా గీతలుగా పడుతోంది. మొహం నవ్వుతున్నా ఆ టోపీ నమ్మదు. నాకు ఆ క్షణంలో ఎంత కుళ్ళు పుట్టిందంటే, లేచి ఆ తీగలు పీకి నా తలకు తగిలించుకుందామనిపించింది.

తర్లాన్ నన్ను గుర్తుపట్టి ముద్దు పెట్టుకుంది. "మీ గురించి ఇక్కడ అందరికీ చెబుతాను ఖానుమ్. మీరెలా ఉన్నారు?"

"బాగున్నానమ్మా, దేవుడి దయ."

"మీరు బాగానే ఉంటారు, మీ మనసు అలాంటిది," అంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

కొత్త బొమ్మలో నీలం తగ్గి ఆకుపచ్చ వచ్చింది. ఫ్రిజ్ మీద పాతదాని పక్కనే అతికించారు. టెహ్రాన్ నుంచి వచ్చిన సియామక్ సంబరం పట్టలేక, దిష్టి తీయాలన్నాడు. నిప్పుల మీద ఎస్ఫంద్ గింజలు వేసి, ఆ పొగ దాని తల చుట్టూ తిప్పాలి. "ఇంటికి పెద్దది, వదినే తిప్పాలి!" అన్నాడు. ఎవరి దిష్టి పోవాలో వాళ్ళ చేతికే ధూపం ఇచ్చాడు పిచ్చివాడు. తిప్పాను. గింజలు టపటపా పేలాయి. "చూశారా, ఎంత దిష్టి ఉందో!" అన్నారందరూ. నేను పొగ వల్ల దగ్గినట్టు దగ్గాను.

ఇంకో నెల గడిచింది. ఆ సోమవారం మామూలుగానే ఆకుకూర గుడ్డ పరుచుకుని కూర్చున్నాం. ఫోన్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది, పరిశోధన అయిపోయింది కదా. పొయ్యి మీద గోర్మే సబ్జీ కూరకి ఉల్లిపాయలు వేగుతున్నాయి. రొట్టె లేదని గుర్తొచ్చి నూషిన్ వీధి చివరికి వెళ్ళింది. దాని ఫోన్ గుడ్డ మీదే ఉండిపోయింది. అది మోగింది. తర్లాన్.

లేదు, బయటికెళ్ళింది అని చెబుదామనే తీశాను. ఒట్టు.

"నూషిన్ ఖానుమ్, సలాం! ఒక్క నిమిషం, ఇవాళ అందరికీ ఫోన్లు చేస్తున్నాను," అని ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా మొదలెట్టింది. "సీసాల అంకెలు విప్పారు. మీకు వెళ్ళింది అసలు మందు కాదండీ, ఉత్త నూనె గుళికలే. ఏమీ అనుకోకండి. ఇలా వచ్చినవాళ్ళందరికీ ఇప్పుడు అసలు మందు ఇస్తున్నాం, ఈ వారంలో వచ్చి తీసుకోండి."

నేను "ఊఁ" అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే నవ్వు తన్నుకొస్తోంది. ఉత్త నూనె! ఎనిమిది శుక్రవారాలు, కళ్ళు మూసుకుని, మొగుడు నీళ్ళందిస్తే, ఉత్త నూనె మింగింది! మూడు నెలల్లో నాకు అంత హాయి ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడే వస్తుంది, రొట్టె కింద పెట్టకముందే చెప్పేస్తాను అనుకున్నాను.

"సరే, మీరెలా ఉన్నారు ఇప్పుడు?" అంది తర్లాన్. "నిద్ర ఎలా పడుతోంది?"

నా పేరు అడగలేదు కదా. నన్ను కాదు కదా అడిగింది.

"పట్టడం లేదు," అన్నాను.

"అవునా? ఎన్నింటికి మెలకువొస్తోంది?"

"నాలుగింటికి. లేచాక గుండె మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడుస్తాను, చప్పుడు వినబడకుండా. తర్వాత మొహం కడుక్కుని టీ పెడతాను."

"ఊఁ. తర్వాత?"

తర్వాత అంది! ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. ఉల్లిపాయలు మాడుతున్నాయి, వాసన తెలుస్తోంది, అయినా లేవలేదు. కూతురు ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియక పనుందని పెట్టేస్తానని చెప్పాను. వండినదానికి రుచి తెలియదని, ఉప్పు అలవాటు మీద వేస్తున్నానని చెప్పాను. ఇంట్లో ఒక మనిషి బాగుపడుతుంటే ఆ మనిషి నవ్వు వినలేకపోతున్నానని, ఇంత చెడ్డదాన్ని ఎప్పుడయ్యానో తెలియడం లేదని కూడా చెప్పాను. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను.

"నూషిన్ ఖానుమ్, పోయిన నెల మీరు చాలా బాగున్నారు కదా..." ఆ పిల్ల గొంతు మారిపోయింది. "పెట్టేయకండి. పెద్ద డాక్టరుగారితో ఒక్క మాట చెప్పి వస్తాను. పెట్టేయకండి, సరేనా?"

తల ఎత్తి చూస్తే గుమ్మంలో నూషిన్. చేతి మీద వేడి రొట్టె వేలాడుతోంది. ఎప్పుడొచ్చిందో.

ముందు వెళ్ళి పొయ్యి ఆపింది. తర్వాత, "నా పేరు మీద ఏడుస్తున్నారేంటక్కా?" అంది.

దొరికిపోయిన దొంగకు కోపమెక్కువ. "నీ పేరా? అసలా చోట ఉండాల్సింది నా పేరు! నేను మాటవరసకి అన్నాను, నువ్వు గభాల్న సంతకం పెట్టేశావు. మాటవరసకి అన్న మాటని తెలియదూ నీకు? ఏ అడవిలో పెరిగావు?"

"తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"మీరు మాటవరసకే అన్నారని. నేను ఒక్కసారి వద్దంటే మీరు ఇంకోసారి అంటారు, మూడోసారికి తీసేసుకుంటారు. అందుకే వద్దనలేదు." రొట్టెకు అంటుకున్న చిన్న గులకరాయి ఒకటి గోటితో తీసి పారేసింది. "ఆ వారం నేను బతకాలా వద్దా అని చూసుకుంటున్నానక్కా. సియామక్‌కి తెలియదు. మర్యాద చేసే ఓపిక లేదు నాకు."

ఇంకొకరైతే అక్కడ కరిగిపోయేవాళ్ళు. నేను కరగలేదు. కావాలనే తీసుకుందన్నమాట! నా అనుమానం నిజమేనన్నమాట! ఇందాకటినుంచి నాలుక చివర ఉన్న మాట చేతికొచ్చిన కత్తిలా ఉంది, విసిరేశాను.

"కావాలని లాక్కున్నావు కదా, విను. నీకిచ్చింది ఉత్త నూనె. ఇప్పుడే చెప్పింది ఆ పిల్ల. ఎనిమిది వారాలూ ఉత్త నూనె."

నూషిన్ గుడ్డ మీద, ఆకుకూర మధ్యలో కూర్చుండిపోయింది. "ఎనిమిదీనా?"

"ఎనిమిదీ."

చేతికందిన ఆకుకూర కాడ ఒకటి తుంపింది. ఆ మొహం చూడాలని నేను మూడు నెలలు ఎదురుచూశాను, తీరా చూస్తే చూడబుద్ధి కాలేదు.

"మరి నేనెలా బాగుపడ్డాను?" అంది చివరికి.

"నాకేం తెలుసు! అసలు మందు మింగింది నేను! దుకాణంలో కొనుక్కొచ్చి, పప్పు సీసాలో దాచుకుని, నీతో పాటే మింగి చచ్చాను. నాకు మోకాళ్ళు బాగుపడ్డాయి!"

అది నా వంక గుడ్లప్పగించి చూసింది. "మీరూ మింగారా? పప్పు సీసాలోంచా?" అని పకపకా నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. చూశారా, నేను విసిరింది దానికి తగల్లేదు కూడా. ఏమీ లేనిదానితో బాగుపడిన మనిషిని ఇక ఏమని దెప్పను? అప్పటిదాకా పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఆ నిమిషం పడ్డది ఒక ఎత్తు.

నవ్వు ఆగాక అంది, "ఆ పిల్ల సోమవారం అడుగుతుందని వారమంతా నన్ను నేను చూసుకునేదాన్నక్కా. మంగళవారం ఏమైంది, బుధవారం ఏమైంది అని గుర్తు పెట్టుకునేదాన్ని. ఇంకెవరు అడిగారు నన్ను? మీరడిగారా?"

"నువ్వడిగావా నన్ను?"

"బాగున్నానంటారుగా మీరు! ఎప్పుడడిగినా దేవుడి దయ అంటారు. నేనేమనుకోవాలి?"

ఇంతలో నా చేతిలో ఫోన్ పలికింది. "అలో? నూషిన్ ఖానుమ్, ఉన్నారా?"

నేను పెట్టేయబోయాను. నూషిన్ లాగేసుకుంది. లాక్కోవడం దానికి అలవాటే.

"నేను నూషిన్‌ని. నాకు బాగానే ఉంది. ఇందాక మాట్లాడింది నేను కాదు, మా ఫరంగీస్ అక్క. అవును, ఆవిడే, చోటిచ్చినావిడ. కాదులెండి, ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. ఇదిగో, మాట్లాడండి." ఫోన్ నా చెవికి అదిమి పట్టుకుంది, వదల్లేదు.

"ఫరంగీస్ ఖానుమ్," అంది తర్లాన్, అదే మెత్తని గొంతుతో. "మీరెలా ఉన్నారు?"

"మీ దయ వల్ల బాగున్నానమ్మా," అంది నా నోరు. "నువ్వెలా ఉన్నావు, అమ్మానాన్నా బాగున్నారా?"

"అక్కా!" అని అరిచింది నూషిన్, ఎదుటి భవనం కిటికీలు పన్నెండూ తెరుచుకునేటట్టు.

మొహం అంతా తడి, ముక్కు కారుతోంది, చేతులకు ఆకుకూర మట్టి. ఇంకా బాగున్నానంటే ఎవరు నమ్ముతారు?

"బాగోలేను," అన్నాను.

"ఊఁ. చెప్పండి. మొదటినుంచి చెప్పండి, రాసుకుంటాను."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. నాకు అనుమానమొచ్చింది.

"ఎవరి పేరు మీద రాస్తున్నావమ్మా?" అని అడిగాను.

"మీ పేరు మీదే," అంది.